గోడకు దిగేవి, చేత్తో ఎత్తేవి: ఇంటీరియర్ లెక్క ఎక్కడ చిక్కుపడుతోంది?

నిరుడు వేసవిలో మా అక్కయ్య వాళ్ళు కానూరులో మూడు పడకగదుల ఫ్లాటు కొన్నారు. తాళాలు చేతికి వచ్చిన వారంలోనే ఇంటీరియర్ పనికి మూడు కొటేషన్లు తెప్పించారు. ఒకటి నాలుగు పేజీల పట్టిక. ఒకటి పద్దెనిమిది పేజీల రంగుల పుస్తకం. మూడోది వడ్రంగి మేస్త్రి డైరీలోంచి చింపి పెన్సిలుతో రాసిచ్చిన కాగితం. ఇల్లు అదే, గదులు అవే. మొత్తాలు చూస్తే మాత్రం అన్నిటికన్నా తక్కువదానికి ఎక్కువది దాదాపు రెట్టింపు. "వీళ్ళలో ఎవరు మనల్ని ముంచుతున్నట్టురా?" అని అక్కయ్య అడిగింది.

రెండు రాత్రులు ఆ కాగితాలు పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఎవరూ ముంచడం లేదు. ముగ్గురూ మూడు వేర్వేరు పనులకు ధర చెప్పారు, మూడింటికీ పేరు ఒక్కటే పెట్టారు. బెజవాడలోనూ గుంటూరులోనూ ఐదారుగురు బంధువుల ఇళ్ళ పని దగ్గరుండి చూశాను. కొత్త ఇల్లు కొన్నవారు చిక్కుకునేది ఎక్కువగా ఈ ముడిలోనే. దీన్ని విప్పుకుంటే డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ చేయి ఆపుకోవాలో తెలిసిపోతుంది.

ఒకే పేరు, మూడు పనులు

పాత ఇళ్ళలో ఈ తికమక లేదు. గోడ కట్టేటప్పుడే మేస్త్రి గూళ్ళు వదిలేవాడు. వడ్రంగి అటక వేసేవాడు. సామాను పెట్టుకునే చోటు ఇంటితోపాటే పుట్టేది. భోషాణం, పందిరిమంచం, ఉయ్యాల బల్ల పెళ్ళిళ్ళతో ఇంట్లోకి వచ్చేవి, పంపకాలతో బయటికి పోయేవి. ఇక అలంకారమంటే గుమ్మానికి మామిడాకులు, గడపకు పసుపు, వాకిట్లో ముగ్గు. అవి ఆ పూటకు పుట్టి ఆ పూటకే వాడిపోయేవి. అపార్టుమెంట్లు వచ్చాక గదుల మధ్య గోడ నాలుగున్నర అంగుళాలకు సన్నబడింది. అందులో గూడు కుదరదు. దాంతో సామాను దాచే భారం గోడలోంచి బయటికి వచ్చి చెక్కపెట్టెల మీద పడింది. ఆ చెక్కపెట్టెలు చేసేవారే క్రమంగా కరెంటు, రంగులు, దీపాలు, తెరలు, బొమ్మలు కూడా తామే చూస్తామన్నారు. అన్నీ కలిపి 'ఇంటీరియర్' అయ్యాయి.

విడదీసి చూస్తే అందులో మూడు పనులున్నాయి. మొదటిది పని పూర్తయ్యాక కంటికి కనిపించనిది: ప్లగ్ పాయింట్లు, నీళ్ళ గొట్టాలు, ఏసీ పైపు పోయే దారి, గోడ చెమ్మ. ఇందులో పొరపాటు చేస్తే గోడ పగలగొట్టాలి. రెండోది చెక్కపని: కబోర్డులు, వంటగది, టీవీ గోడ. ఇందులో పొరపాటు చేస్తే పదేళ్ళు దాని పక్కనే బతకాలి. మూడోది తెరలు, దిండ్లు, పటాలు, బొమ్మలు, బల్లదీపాలు, కుండీలు. ఇప్పుడు అందరూ యాక్సెసరీస్ అంటున్నవి. ఇందులో పొరపాటు చేస్తే వస్తువును ఎత్తి పక్క గదిలో పెడితే సరిపోతుంది.

నేను ఈ మూడింటినీ ఇంకా సులువుగా రెండు మాటల్లో గుర్తుపెట్టుకుంటాను. గోడకు దిగేవి, చేత్తో ఎత్తేవి. గోడకు దిగేదాన్ని తక్కువగా, ఖరీదుగా, ఆలోచించి చేయించాలి. చేత్తో ఎత్తేదాన్ని నెమ్మదిగా, ఒక్కొక్కటిగా తెచ్చుకోవాలి. మనం తరచుగా చేస్తున్నది దీనికి తలకిందులు. గృహప్రవేశం ముహూర్తం లోపల గోడలన్నీ చెక్కతో కప్పించేస్తాం. ఆ తరవాత బొమ్మలు, పటాలు ఒక ఆదివారం సాయంత్రం ఒకే దుకాణంలో కొనేస్తాం.

అక్కయ్య తెప్పించిన రంగుల పుస్తకం ఈ విషయాన్ని బాగా చూపించింది. అందులోని హాలు బొమ్మ చూడగానే అందరికీ నచ్చింది. ఎందుకు నచ్చిందో వేలు పెట్టి చూపించమన్నాను. కిటికీలోంచి పడుతున్న లేత వెలుగు, సోఫా మీద ఆకుపచ్చ దిండ్లు, మూలనున్న పొడవాటి మొక్క, గోడమీది పెద్ద పటం. చివరి పేజీలో చిన్న అక్షరాలతో ఒక వాక్యం ఉంది: బొమ్మల్లో చూపిన అలంకరణ సామగ్రి ధరలో చేర్చలేదు. అంటే మనసు పారేసుకున్నవన్నీ చేత్తో ఎత్తేవి. డబ్బు అడుగుతున్నది వాటి వెనకనున్న చెక్కకు.

49 అడుగుల కబోర్డులో 203 అడుగుల చెక్క

ముందు చెక్కపని లెక్క చూద్దాం, ఎందుకంటే ఖర్చులో పెద్దభాగం ఇక్కడే పోతుంది. 'చదరపు అడుగుకు ఇంత' అనే మాట వినడానికి తేటగా ఉంటుంది. ఏ అడుగు అన్నదే ప్రశ్న.

పడకగదిలో 7 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు, 2 అడుగుల లోతు ఉన్న కబోర్డు తీసుకుందాం. కొటేషన్‌లో దీన్ని ముందువైపు నుంచి మాత్రమే కొలుస్తారు. 49 చదరపు అడుగులు. ఇప్పుడు తలుపు తెరిచి లోపల లెక్కపెడదాం. రెండు పక్కల చెక్కలు కలిపి 28 అడుగులు. పైదీ కిందదీ కలిపి మరో 28. నడిమి నిలువు చెక్క 14. మూడున్నర అడుగుల వెడల్పున్న అరలు ఐదు పెడితే 35. వెనక చెక్క 49, తలుపులు 49. మొత్తం 203 చదరపు అడుగులు. ప్లైవుడ్ షీటు 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పుతో 32 చదరపు అడుగులుంటుంది. కోతలో పోయే ముక్కలతో కలిపి ఆ కబోర్డుకు ఏడు షీట్లు పడతాయి.

అడుగు ధర తగ్గించాలనుకున్నవారు ఎక్కడ తగ్గించగలరో ఇప్పుడు కనిపిస్తుంది. ఐదు అరల బదులు మూడు పెట్టవచ్చు. వెనక చెక్క 12 మిల్లీమీటర్ల బదులు 6 మిల్లీమీటర్లది వాడవచ్చు, లేదా అసలు మానేసి గోడకే రంగు వేయవచ్చు. లోపలివైపు మైకా అతికించకుండా వదిలేయవచ్చు. సొరుగులు, హ్యాండిళ్ళు, పైన అటక విడిగా లెక్క కట్టవచ్చు. ఇవేవీ తప్పులు కావు, కాగితం మీద ముందే రాసి ఉంటే. కానీ ఏది తగ్గించినా ముందువైపు కొలత 49 అడుగులే ఉంటుంది. అందుకే రెండు కొటేషన్ల అడుగు ధరలను పక్కపక్కన పెట్టి పోల్చడం వల్ల ఏమీ తేలదు. అరలెన్ని, సొరుగులెన్ని, వెనక చెక్క మందమెంత, లోపల ఏ పూత, తలుపు అంచులు మిషను మీద అతికిస్తారా చేత్తోనా, మడతబందులు ఏవి, పన్ను కలిపిందా లేదా అని రాయించుకున్న తరవాతే పోలిక. అక్కయ్య వాళ్ళ మూడు కాగితాలకూ ఇదే చేశాం. మేస్త్రిది కూలి మాత్రమే, సామాను మనమే కొనివ్వాలి. పట్టికలో సామానూ కూలీ ఉన్నాయి, సొరుగులు లేవు. రంగుల పుస్తకంలో సీలింగు, కరెంటు, రంగులు కూడా ఉన్నాయి. వీటన్నిటినీ ఒకే తక్కెడలోకి తెచ్చాక రెట్టింపు తేడా కరిగిపోయి చిన్న తేడా మిగిలింది.

ఇక చెక్క రకం. ప్లైవుడ్ మీద ఐఎస్‌ఐ గుర్తు దగ్గర ఒక నంబరు ముద్ర ఉంటుంది. ఐఎస్ 303 అంటే సాధారణ వాడకానికి. అందులో ఎంఆర్ రకం గాలిలోని తేమను మాత్రం తట్టుకుంటుంది, బీడబ్ల్యూఆర్ రకం నీటిని ఇంకా బాగా తట్టుకుంటుంది. ఐఎస్ 710 అంటే మెరైన్ ప్లైవుడ్. ఈ తేడాలో ముఖ్యమైనది పొరల మధ్య జిగురు: ఎంఆర్‌లో యూరియా ఫార్మాల్డిహైడ్, మిగతా రెండింటిలో ఫినాల్ ఫార్మాల్డిహైడ్. ఇల్లంతా 710 వేయించాలనే పట్టుదల అనవసరం. సింకు కింద, బాత్‌రూము గోడకు ఆనుకున్న చోట, వాన జల్లు కొట్టే బాల్కనీ పక్కన వేయించండి. చాలు. పార్టికల్ బోర్డు సంగతి వేరు. చెక్కపొట్టును జిగురుతో నొక్కి చేసే పలక అది. నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ఆరాక మళ్ళీ సన్నబడదు.

ఇది బెజవాడవారికి పుస్తకాల్లో చదివి తెలుసుకోవాల్సిన సంగతి కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో నానాయి. నీళ్ళు తీశాక బంధువుల ఇల్లు కడగడానికి వెళ్ళాను. వీధి పొడవునా ఇళ్ళ ముందు ఉబ్బి విచ్చుకుపోయిన మంచాలు, టీవీ బల్లలు, కబోర్డు తలుపులు గుట్టలుగా పడి ఉన్నాయి. కొందరికి ఇంకా వాయిదాలు తీరని వస్తువులవి. అంత బురదనీటిలో అన్నిరోజులుంటే ఏ ప్లైవుడ్డూ కొత్తదానిలా మిగలదు. కానీ వాళ్ళ వంటింట్లో ఒక సంగతి గమనించాను. గట్టు కింద కడప రాయి నిలువు పలకలు, రాతి అరలు, వాటికి బిగించిన చెక్క తలుపులు. తలుపులు పోయాయి. అరలు కడిగితే శుభ్రపడ్డాయి.

అప్పటి నుంచి అడిగినవారందరికీ ఒకే మాట చెబుతున్నాను. వంటగట్టు కింద రాతి అరలు ఉన్న ఇల్లు దొరికితే, మాడ్యులర్ కిచెన్ కోసం వాటిని పగలగొట్టకండి. రాతికి తలుపులు, లోపల జారే బుట్టలు పెట్టించుకోవచ్చు. పైకి కనిపించే తీరులో తేడా ఉండదు, నీటి భయం చాలావరకు పోతుంది.

వంటింటి గురించి ఇంకొక్క మాట. రంగుల పుస్తకాల్లో తలుపుల్లేని అరలు, వాటిమీద వరసగా తెల్ల కప్పులు అందంగా కనిపిస్తాయి. రోజూ రెండు పూటలా ఎండుమిరపకాయల పోపు పెట్టే పొయ్యి దగ్గర ఆ అరలకు నెల తిరిగేసరికి జిడ్డు పడుతుంది. జిడ్డు మీద దుమ్ము కూర్చుంటుంది. మన వంటకు తలుపులే కావాలి.

పడమటి గోడ

గుంటూరు, విజయవాడ రెండూ 16 డిగ్రీల పైచిలుకు ఉత్తర అక్షాంశంలో ఉన్నాయి. మే మొదటి వారంలోనూ ఆగస్టు మొదటి వారంలోనూ మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా మన నడినెత్తిన ఉంటాడు. ఆ మధ్య రోజుల్లో కాస్త ఉత్తరానికి కూడా జరుగుతాడు. అందువల్ల వేసవిలో మధ్యాహ్నపు వేడి గోడల నుంచి కాక కప్పు నుంచి దిగుతుంది. మూడు దాటాక ఎండ ఏటవాలుగా పడమటి గోడను పట్టుకుంటుంది. ఆ ఎండకు కిటికీ మీది సన్‌షేడ్ అడ్డం రాదు, ఎందుకంటే అది పైనుంచి కాక ఎదురుగా వస్తుంది. రోహిణి కార్తెలో రాత్రి పదింటికి పడమటి గోడ మీద చెయ్యి వేసి చూసినవారికి ఇది వివరించనక్కర్లేదు.

దీనికీ అలంకరణకూ ఏమిటి సంబంధం? చాలా ఉంది. ఎండ గాజు దాటి లోపలికి వచ్చాక తెర దాన్ని ఆపలేదు. తెర వేడెక్కుతుంది, ఆ వేడి గదిలోనే మిగులుతుంది. కాబట్టి పడమటి కిటికీకి లోపలి ఖరీదైన తెర కన్నా బయట కట్టిన వెదురు చాప ఎక్కువ పని చేస్తుంది. మన పెద్దలు వసారాకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లింది ఇందుకే. నీడ, తేమ, పరిమళం మూడూ ఒకే తడికలో. ఫ్లాటులో నీళ్ళు చల్లడం కుదరకపోవచ్చు, వెదురు చాప మాత్రం ఏ బాల్కనీకైనా కట్టుకోవచ్చు.

లోపలి తెరలకు నాకు నచ్చేది మంగళగిరి నూలు బట్ట. రెండు ఊళ్ళకూ నడుమ ఉన్న ఊరిలో, గుంటమగ్గం మీద నేసింది. సన్నగా ఉంటుంది కాబట్టి వెలుగును వడగట్టి ఇస్తుంది, గాలిని ఆపదు, ఇంట్లోనే ఉతుక్కోవచ్చు. కొనేటప్పుడు కిటికీ వెడల్పుకు కనీసం రెట్టింపు బట్ట తీసుకోవాలి, లేకపోతే మడతలు పడక దుప్పటి ఆరేసినట్టుంటుంది. తెర కడ్డీని కిటికీ చట్రం మీద కాక ఇంకో ఆరంగుళాలు పైన బిగించి, తెరను నేల దాకా వదలండి. చిన్న కిటికీ కూడా నిండుగా కనిపిస్తుంది.

చిట్టచివరి అంతస్తులో ఉన్నవారు ఒక పని ముందే చేయాలి. కప్పు పైన మేడమీద తెల్ల పూత వేయించాలి. సోఫా కొనే ముందు ఆ పని.

వెలుగు

ఇంటి అందాన్ని నిలబెట్టేదీ చెడగొట్టేదీ వెలుగే. ఇందులో రెండు అంకెలు తెలిస్తే చాలు. బల్బు డబ్బా మీద కెల్విన్ అని ఉంటుంది: 2,700 నుంచి 3,000 దాకా దీపం వత్తిలాంటి పసుపు వెలుగు, 4,000 దగ్గర మధ్యస్థం, 6,500 అంటే తెల్లని ట్యూబులైటు వెలుగు. రెండోది సీఆర్‌ఐ, రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె. గరిష్ఠం 100. వంటగట్టు మీద 90కి దగ్గరగా ఉన్నది పెట్టుకోవాలి. కారం ఎరుపు, పోపు వేగిన రంగు కంటితో చూసి పసిగట్టే మన వంటకు అది నిజమైన అవసరం.

ఎంత వెలుగు కావాలన్నది తరవాతి ప్రశ్న. 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబు ఒకటి సుమారు 2,000 ల్యూమెన్ల వెలుగు ఇస్తుంది. 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవున్న గదికి అలాంటివి ఒకటీ రెండూ సరిపోతాయి. ఈ మధ్య ఫాల్స్ సీలింగులో 12 వాట్ల గుండ్రటి దీపాలు పన్నెండు బిగిస్తున్నారు. మొత్తం 144 వాట్లు, పన్నెండువేల ల్యూమెన్ల పైమాట. అన్నీ వేస్తే కళ్ళు జిగేలుమంటాయి, కాబట్టి ఎవరూ వేయరు. రోజూ వెలిగేది మూలనున్న రెండే. మిగతా పదికి పెట్టిన డబ్బుతో రెండు మంచి బల్లదీపాలు, ఒక నిలువు దీపం వస్తాయి. మనిషి కూర్చున్న చోట, చదివే చోట, బొమ్మ ఉన్న చోట వెలుగు పడితే గదికి లోతు వస్తుంది. కప్పు నుంచి ఒకేలా కురిసే వెలుగులో కొండపల్లి ఏనుగు కూడా కాగితంలో కత్తిరించినట్టు చదునుగా కనిపిస్తుంది. అలా పక్క దీపాలు పెట్టుకోవాలంటే మాత్రం మోకాలి ఎత్తులో ప్లగ్ పాయింట్లు ముందే ఉండాలి. గోడకు దిగే పని సరిగ్గా ఆలోచిస్తే చేత్తో ఎత్తేవి సుఖపడతాయి.

ఫాల్స్ సీలింగు మొత్తంగా వద్దని అనను. పై అంతస్తులో కప్పు వేడిని అది కొంత అడ్డుకుంటుంది. కానీ పదడుగుల కప్పును తొమ్మిదికి దింపితే ఫ్యాను రెక్కలకూ తలకూ దూరం తగ్గుతుంది, ఫ్యాను గాలి పీల్చుకునే ఖాళీ తగ్గుతుంది. ఫ్యాను లేకుండా మార్చి దాటని ఊళ్ళు మనవి. గది అంచుల్లో మాత్రమే సీలింగు వేయించి నడుమ కప్పును అలాగే వదిలేయడం మంచి మధ్యేమార్గం.

చేత్తో ఎత్తేవి

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. ఎనభైల్లో, తొంభైల్లో పెరిగినవారి హాల్లో షోకేసు ఉండేది. గాజు తలుపులు, లోపల కొండపల్లి ఎడ్లబండి, పిల్లల బహుమతి షీల్డులు, తిరుపతి నుంచి తెచ్చిన బొమ్మ, ఎవరో గృహప్రవేశానికి ఇచ్చిన ప్లాస్టిక్ పూలు. ఇప్పుడు దాన్ని పాతకాలపు వ్యవహారం అని తీసేస్తున్నారు. షోకేసుకు ఒక తెలివి ఉండేది. గాజు తలుపు దుమ్మును ఆపేది. ఆ గాజు పోయి, టీవీ చుట్టూ తెరిచిన అరలు వచ్చాయి. అరలు ఖాళీగా ఉంటే బాగుండదని వాటిని నింపడానికే వస్తువులు కొంటున్నారు. బందరు రోడ్డు మీదో ఏలూరు రోడ్డు మీదో ఉన్న ఫ్లాటులో ఉదయం తుడిచిన అర మీద సాయంత్రానికి వేలితో పేరు రాయవచ్చు.

అందుకే ఏ వస్తువైనా కొనే ముందు నేను అడిగే మొదటి ప్రశ్న ధర గురించి కాదు. దీన్ని వారం వారం ఎవరు తుడుస్తారు? చాలా ఇళ్ళలో జవాబు ఇంటి ఇల్లాలు, లేదా పనికి వచ్చే అమ్మాయి. నలభై చిన్న వస్తువులు కొనడమంటే వారానికి నలభైసార్లు ఎత్తి, తుడిచి, మళ్ళీ పెట్టే పని వాళ్ళ మీద వేయడం. చిన్నవి పది కొనే డబ్బుతో పెద్దది ఒకటి కొంటే గదికీ నిండుదనం, చేతులకూ విశ్రాంతి.

పెద్దదంటే ఎంత? సోఫా పైన పటం పెట్టేటప్పుడు దాని వెడల్పు సోఫా వెడల్పులో మూడింట రెండు వంతులకు దగ్గరగా ఉంటే కంటికి కుదురుగా ఉంటుంది. ఆరడుగుల సోఫాకు నాలుగడుగుల పటం. అంత పెద్దది లేకపోతే చిన్నవి నాలుగు దగ్గరదగ్గరగా చేర్చి ఒకే పటంలా కట్టండి. ఎత్తు విషయంలో మనది ప్రత్యేకమైన అలవాటు. దేవుడి పటాలు, పెద్దల ఫోటోలు తలకన్నా పైన, కాస్త ముందుకు వాల్చి వేలాడదీస్తాం. అది గౌరవం, అలాగే ఉండాలి. కానీ అదే మేకు ఎత్తులో ప్రకృతి చిత్రాన్నీ పిల్లలు గీసిన బొమ్మనూ పెట్టేస్తాం. చూడాల్సిన బొమ్మ కంటి ఎదుట ఉండాలి. పటం నడిమి భాగం నేల నుంచి 57 నుంచి 60 అంగుళాల మధ్య ఉంటే నిలబడి చూసేవారికి సరిపోతుంది. ఎదురుగా కూర్చునే చూస్తారనుకుంటే ఇంకో నాలుగంగుళాలు దించండి.

ఏం తెచ్చుకోవాలన్నదానికి బెజవాడ, గుంటూరు వాళ్ళంత అదృష్టవంతులు తక్కువ. దూరపు కార్ఖానాల్లో ఒకే అచ్చులో పోసిన బొమ్మలను ఆన్‌లైన్‌లో కొనుక్కుంటున్న మనకు, బెజవాడ నుంచి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో కొండపల్లి ఉంది. తెల్ల పొనికి చెక్కతో చేస్తారు ఆ బొమ్మలు. చేతిలోకి తీసుకుంటే దూదిలా తేలిగ్గా ఉండే చెక్క. తడి లేకుండా వేడిచేసి, విడివిడి భాగాలుగా చెక్కి, చింతపిక్కల పిండీ రంపపు పొట్టూ కలిపిన ముద్దతో అతికి, సున్నపు పూత మీద రంగులు వేస్తారు. కళాకారుల ఇళ్ళకే వెళ్ళి కొనవచ్చు. చేస్తుండగా చూసి తెచ్చిన బొమ్మకు ఇంట్లో వేరే గౌరవం ఉంటుంది. అంబారీ ఏనుగు ఒక్కటి, పక్కన ఏమీ లేకుండా, పసుపు వెలుగు పడే చోట పెట్టి చూడండి. తడిగుడ్డతో మాత్రం తుడవకూడదు, పొడి కుంచె చాలు. కిటికీ ఎండలోనూ పెట్టకూడదు.

ఎండ మాట వచ్చింది కాబట్టి పెడన కలంకారీ గురించి చెప్పాలి. టేకు అచ్చులతో అద్దే ఈ బట్టను ముందు కరక్కాయ కషాయంలో ముంచి ఆరబెడతారు. నలుపు తుప్పు ఇనుమునూ బెల్లాన్నీ ఊరబెట్టిన నీటి నుంచి వస్తుంది. ఎరుపు నిలవడానికి పటిక సాయం చేస్తుంది. ఇన్ని ఉతుకులు, ఇన్ని ఆరబెట్టడాలు దాటి వచ్చిన ఈ రంగులు సూటి ఎండలో ఏళ్ళ తరబడి వేలాడితే వెలుస్తాయి. గుంటూరు బ్రాడీపేటలో ఒక బంధువు ఇంట్లో పడమటి కిటికీకి కలంకారీ తెరలు కట్టారు. రెండు వేసవులు తిరిగేసరికి మడత లోపల ఒక రంగు, బయట మరో రంగు. అదే బట్టను దిండ్ల గలీబులకూ, మంచం కాళ్ళవైపు పరిచే దుప్పటికీ, చట్రంలో బిగించి లోపలి గోడకూ వాడి ఉంటే పదేళ్ళ పాటు కళకళలాడేది. స్క్రీన్ ప్రింట్ నకళ్ళు చాలా వస్తున్నాయి. చేత్తో అద్దినదానిలో అచ్చు అచ్చుకూ మధ్య వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ఆ తేడా మనిషి చేతి ముద్ర.

పల్నాడులోని దుర్గిలో రాతి శిల్పాలు చెక్కుతారు. రాతి బొమ్మకు గోడ అర వద్దు, నేల మీదో గట్టి పీట మీదో స్థానం ఇవ్వాలి. బరువును చూసే కంటికి అది నేలను ఆనుకుని ఉంటేనే నెమ్మది. ఏలూరు ఉన్ని తివాచీలు ఎంత గొప్ప పనితనమో చేత్తో తడిమితే తెలుస్తుంది. కానీ మన ఉక్కపోతకు, పిల్లలు నేలమీద ఆడుకునే హాలుకు నేను నూలు జంపఖానానే వేస్తాను. చుట్టి ఎత్తవచ్చు, దులపవచ్చు, చల్లటి నేల కావాలంటే తీసేయవచ్చు. ఏది పరిచినా సోఫా ముందు కాళ్ళు దానిమీద ఆనేంత పెద్దది తీసుకోండి. గది మధ్యలో చాపముక్కలా పరిస్తే ఇరుకుతనమే కనిపిస్తుంది.

కొనే ముందు ఒకసారి ఊరికి వెళ్ళి అటక ఎక్కండి. నాయనమ్మ ఇత్తడి గంగాళం, దీపపు సెమ్మె, ముక్కాలిపీట, కవ్వం, పాత భోషాణం అక్కడ దుమ్ములో ఉంటాయి. చింతపండుతో తోమిన గంగాళంలో నీళ్ళు పోసి నాలుగు బంతిపూలు వేసి గుమ్మం లోపల పెడితే, దానికి సాటివచ్చేది ఏ దుకాణంలోనూ నాకు కనపడలేదు. అందులో ఎన్ని పెళ్ళిళ్ళకు నీళ్ళు కాచారో ఇంట్లో ఒకరికైనా గుర్తుంటుంది.

ఇవన్నీ ఒకేసారి వద్దని ముందే అన్నాను. కారణం ఉంది. ఇంట్లో ఒక వేసవి, ఒక వానాకాలం, ఒక పెద్ద పండగ గడపకముందు ఆ ఇల్లు మనకు తెలియదు. ఏ మూల పేపరు చదవాలనిపిస్తుందో, బంధువులు పదిమంది వస్తే ఎక్కడ సర్దుకుంటారో, జల్లు ఎటునుంచి కొడుతుందో చెక్కపని ముగిసిన రోజున ఎవరు చెప్పగలరు? అక్కయ్య ఇంటి హాల్లో ఉత్తరపు గోడ మొత్తానికీ రంగుల పుస్తకంలో చెక్క పలకలు, వాటి వెనక దీపాలు గీసి ఉన్నాయి. ఎనిమిది నెలలు ఆగి చూద్దామన్నాను. అక్కయ్య ఒప్పుకుంది, బావగారు అయిష్టంగా ఊరుకున్నారు. గోడకు తెల్ల రంగు మాత్రం వేయించి వదిలేశారు.

సంక్రాంతికి ఆ గోడకే ఐదు మెట్ల బొమ్మల కొలువు పెట్టారు. మా పాత షోకేసులోని కొండపల్లి బొమ్మలు, ఎడ్లబండి చక్రం ఒకటి ఊడినా సరే, ఊరి నుంచి అట్టపెట్టెలో వచ్చాయి. వీధిలోని పిల్లలంతా జంపఖానా మీద సరిపోయారు. కనుమ మర్నాడు మెట్లు విప్పి మంచం కింద పెట్టేశారు. ఏనుగు ఒక్కటి తలుపు పక్క బల్ల మీద ఉండిపోయింది. గోడ మళ్ళీ ఖాళీ. మధ్యాహ్నం పూట హాల్లో చల్లగా ఉండేది అక్కడేనని అమ్మ కనిపెట్టింది. ఊరి నుంచి ఎప్పుడు వచ్చినా జంపఖానా పరుచుకుని, వీపు ఆ గోడకే ఆనించి కూర్చుంటుంది.